పదకొండు లైన్ల సంప్రదాయం

కార్యదర్శి గారు చెంచాతో గాజుగ్లాసు మీద మూడుసార్లు కొట్టి, "ఇప్పుడు మన కాలేజీ సంప్రదాయాలన్నింటిలోకీ అపురూపమైనది" అని ప్రకటించేసరికి నా నోట్లో రొట్టెముక్క ఉంది. అది చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

హాలంతా నల్లకోట్లు. ఎదురుగా, విందుకోసం ప్లైవుడ్డుతో లేపిన వేదిక మీద, పొడవాటి బల్ల. బల్ల మధ్యన ఎత్తువీపు కుర్చీలో ఇంగ్లండు నుంచి విమానంలో వచ్చిన కాలేజీ పెద్ద. ఆయన లేచి పక్కకు తప్పుకున్నాడు. క్లబ్ మేనేజరు గోడదాకా నడిచి, నీళ్లజగ్గు పట్టుకుని నిలుచున్న ఒక ముసలాయన భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. రెండు రోజుల కిందట ఇదే మేనేజరు ఇదే ముసలాయనతో, "నెలాఖరుకి ఖలాస్, ఇంటికెళ్లిపో" అని చెప్పాడు.

ముసలాయన జగ్గు వదల్లేదు. వేదిక పక్కనే ఉన్న నా బల్ల దగ్గర ఆగాడు.

"ఏంది సార్, నన్ను గాడ కూసోమంటున్రు? నేనేం తప్పు జేసిన?"

"తప్పేం లేదన్నా. వెళ్లి కూర్చో."

"పెద్దదొర కుర్చీల?"

"అవును."

"మరి జగ్గు?"

జగ్గు నేను తీసుకున్నాను.

ఆ సంప్రదాయం నాలుగు వందల ఏళ్ల నాటిదని కార్యదర్శి గారు సభకు చెబుతున్నారు. అది సరిగ్గా తొమ్మిది రోజుల నాటిది. ఒక మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు, బల్ల మీద పెట్టిన టీ చల్లారేలోపల, నేనే పుట్టించాను.

ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పత్రికల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదివితే బాగుంటుంది. ఏం చెయ్యకూడదో తెలుస్తుంది. ఒకవేళ చేస్తే ఏం జరుగుతుందో నాకూ ఇంకా తెలియదు.

నేను ఇరవై ఆరేళ్లు బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ఎడిటర్‌గా పనిచేశాను. ఇతరులు రాసినవాటిని దిద్దడం, కుదించడం, శీర్షిక పెట్టడం నా పని. ఉద్యోగం చివరి రోజుల్లో, చూపు మందగించిందని గమనించి, నన్ను ప్రత్యేక అనుబంధాలకు మార్చారు. గల్ఫ్ పత్రికల్లో ప్రత్యేక అనుబంధం అంటే నాలుగు పేజీల అభినందన. ఎవరో ఒకరు ఏదో ఒకటి సాధిస్తారు; వాళ్లను అభినందిస్తూ దుకాణాలవాళ్లూ కాంట్రాక్టర్లూ తమ ఫొటోలతో ప్రకటనలు ఇస్తారు; ఆ ఫొటోల మధ్య ఎక్కడైనా సందు మిగిలితే అక్షరాలు పోస్తారు. పోసేవాణ్ని నేను.

ఆ శీతాకాలం సాధించిన ఘనత ఒక పురాతన ఇంగ్లీషు కాలేజీది. ఏం సాధించిందంటే, ఇంకా ఉంది. ఆరు వందల ఏళ్లుగా కూలిపోకుండా ఉన్నందుకు, దాని పూర్వవిద్యార్థుల సంఘం బహ్రెయిన్ శాఖ ఒక విందు తలపెట్టింది. శాఖలో సభ్యులు పద్నాలుగు మంది. హాలు నింపింది మాత్రం వాళ్ల బంధువులూ, వాళ్లకు బంధువులు కావాలనుకునేవాళ్లూ.

సంఘం కార్యదర్శి మన కోస్తావారే. బ్యాంకులో పెద్ద హోదా, రిఫాలో విల్లా, మంచి మర్యాదస్థుడు. యౌవనంలో ఆ కాలేజీలో తొమ్మిది నెలల కోర్సు చేశారు. వెళ్లి ముప్ఫయ్యేళ్లయింది, మనిషి ఇంకా తిరిగి రాలేదు. బహ్రెయిన్‌లో ఎప్పుడైనా నాలుగు చినుకులు పడితే "మా కాలేజీలో వర్షం వేరండీ" అనేవారు.

కాలేజీ చరిత్ర, సంప్రదాయాల గురించి ఆయన చెబితే నేను రాసుకోవాలి. క్లబ్‌లో కిటికీ పక్క బల్ల దగ్గర వరసగా నాలుగు సాయంత్రాలు కూర్చున్నాం.

ఆయన చెప్పినవి మీకూ కొన్ని చెబుతాను. కాలేజీని స్థాపించిన బిషప్ దాన్ని ఒక్కసారీ చూడలేదు. అందుకే భోజనశాలలో ఆయన చిత్రపటాన్ని అన్నింటికంటే ఎత్తున పెట్టారు. మరో పెద్దమనిషి పటం ఉంది, దాన్ని గోడవైపు తిప్పి వేలాడదీశారు. ఆయన ఏదో అంతర్యుద్ధంలో ఓడిపోయే రాజు పక్షాన చేరాడు. మూడున్నర శతాబ్దాలుగా గోడనే చూస్తున్నాడు. ఏటా ఒకసారి పటం దుమ్ము దులుపుతారు, వెనకవైపు మాత్రమే. పక్కనున్న పిండిమిల్లు ఏటేటా కాలేజీకి ఒక బాతును అద్దెగా ఇవ్వాలి. మిల్లు పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కాలేజీ ఖజానాదారుడే ఏటా సూపర్‌మార్కెట్లో బాతును కొని, తనకు తానే సమర్పించుకుని, తన సంతకంతో తనకే రసీదు రాసుకుంటాడు. భోజనానికి ముందు లాటిన్‌లో ప్రార్థన చదువుతారు. అర్థం అడగడం మర్యాద కాదు. కాలేజీ ప్రిన్సిపాల్‌ని మాస్టర్ అంటారు. మన ఊళ్లలో టైలర్నీ, హోటల్లో దోసెలు పోసేవాణ్నీ అలాగే పిలుస్తామని నాకు గుర్తొచ్చింది గాని, పైకి అనలేదు.

"గడ్డి మీద నడవడానికి వీల్లేదండి" అన్నారు ఆయన రెండో సాయంత్రం. "కాలేజీ మధ్యలో పెద్ద పచ్చిక. సీనియర్ ఆచార్యులకే దాని మీద నడిచే హక్కు. మేం వర్షంలో కూడా చుట్టూ తిరిగే వెళ్లేవాళ్లం."

"ఎందుకని?"

"ఎందుకనేమిటండీ? ఆరు వందల ఏళ్లుగా అంతే."

అప్పుడే టీ కప్పులు పెడుతున్న ముసలాయన ఆగాడు. తెలుగు మాటలు విని ముందురోజే నన్ను పలకరించి ఉన్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి. వెయిటర్లు తక్కువైతే వడ్డన, లేకపోతే వంటింట్లో పళ్లేలు, బాసన్లు. క్లబ్‌లో ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. నాకంటే రెండేళ్లే పెద్ద. అతన్ని ముసలాయన అంటున్నానంటే నా సంగతి మీరే లెక్కేసుకోండి.

"సార్, ఆ గడ్డి ఎవలు గోస్తరు?" అని అడిగాడు.

"ఎవరేమిటి, మాలి కోస్తాడు" అన్నారు కార్యదర్శి గారు.

"అంటే ఆయన దాని మీద నడుస్తడు గద."

కార్యదర్శి గారు కప్పు ఎత్తి ఒక గుక్క తాగారు. "చక్కెర ఎక్కువైంది" అన్నారు.

ఆయన కారెక్కి వెళ్లాక నేను కాసేపు ఉండిపోయాను. ముసలాయన ఖాళీ కప్పులు తీస్తూ తన సంగతి చెప్పాడు. జిదాఫ్స్‌లో ఆరుగురితో కలిసి ఒక గదిలో ఉంటాడు. మూడు నెలల కిందట భార్య కూడా బహ్రెయిన్ వచ్చింది, రిఫాలో ఒక ఇంట్లో పనికి.

"ఎందుకొచ్చిందన్నా, ఈ వయసులో?"

"పిల్లలు ఎవల సంసారం వాళ్లు జూసుకుంటున్నరు. ఇన్నేండ్లు దుబాయి దుబాయి అంటివి, ఎట్లుంటదో నేను గూడ జూస్త అన్నది. ఒచ్చింది." నవ్వాడు. "శుక్రారం శుక్రారం బస్సెక్కి జిదాఫ్స్ ఒస్తది. బజార్ల తిరుగుతం. ఏం గొనం, ఉత్తగనే తిరుగుతం. పెండ్లయి ముప్పయ్యేండ్లకు షికారు జేస్తున్నం సార్."

"సెలవుల్లో ఇంటికెళ్లేవాడివి కదా?"

"పోయెటోన్ని. సుట్టమొచ్చినట్టు కోడిని గోసి పెట్టెటోళ్లు. సుట్టమున్నట్టే ఉండి ఒచ్చెటోన్ని."

"రిఫాలో ఎవరింట్లో?"

అతను తలుపువైపు, కార్యదర్శి గారు వెళ్లిన దిక్కుగా, గడ్డం ఎత్తి చూపించాడు. "గీ సారు ఇంట్లనే."

"ఆయనకు తెలుసా, ఆమె నీ భార్య అని?"

"ఎందుకు జెప్పాలె సార్? ఆయనకు కాలేజి ముచ్చట్లకే టైం సరిపోతలేదు."

ఆరు వందల ఏళ్ల కిందట కాలేజీకి మొదటి రాయి మోసిన మేస్త్రీ పేరు చెప్పగలిగిన మనిషి ఆయన. నాకు స్పెల్లింగుతో సహా చెప్పారు.

ఇక ఆ మంగళవారం. అనుబంధం పేజీలు అయిదింటికి ప్రెస్సుకు వెళ్లాలి. నాలుగింటికి ప్రకటనల విభాగం నుంచి కబురు వచ్చింది: ఏసీల దుకాణం యజమాని అలిగాడు. పక్కపేజీలో పోటీ దుకాణంవాడి ఫొటో తన ఫొటోకన్నా పెద్దగా ఉందట. అభినందనలు వెనక్కి తీసుకున్నాడు. పేజీలు పేర్చే కుర్రాడు, కేరళవాడు, తెరమీద తెల్లని చతురస్రం చూపించి, "సాబ్, పక్కప్రకటన సాగదీసినా ఇంకా పదకొండు లైన్లు కావాలి. ఇరవై నిమిషాలు" అన్నాడు.

ఈ వృత్తి తెలియనివాళ్లకు ఖాళీ అంటే ఏమిటో చెప్పినా అర్థం కాదు. తప్పు వార్త వేసి మర్నాడు సవరణ వేసుకోవచ్చు. తెల్లగా వదిలేసిన చోటుకు సవరణ లేదు. బిషప్ అయిపోయాడు, పటం అయిపోయింది, బాతు అయిపోయింది. కార్యదర్శి గారికి ఫోన్ చేస్తే సమావేశంలో ఉన్నారు. నా బుర్రలో మిగిలిందల్లా ఆ మాలి, గడ్డి మీద నడుస్తూ.

రాశాను. ఏటా స్థాపకుడి విందునాడు, కాలేజీలో అందరికంటే ఎక్కువకాలంగా పనిచేస్తున్న సేవకుణ్ని మాస్టర్ తన కుర్చీలో కూర్చోబెడతాడు. తన చేతులతో వడ్డిస్తాడు. ఆ సేవకుడు తినేంతసేపూ మాస్టర్ గోడపక్కన నిలబడతాడు. ఒక ప్లేగు సంవత్సరంలో ఆచార్యులందరూ పారిపోతే వంటవాడొక్కడే ఉండి కాలేజీని కాపాడాడు, అందుకు కృతజ్ఞతగా. తొమ్మిది లైన్లు వచ్చాయి. ఇంకా రెండు కావాలి. ఇంగ్లీషువాళ్లకు ఏ గడువుకైనా ఒక రోజు కలపడం ఇష్టమని ఎక్కడో చదివిన గుర్తు. "ఆ కుర్చీలో కూర్చున్న సేవకుణ్ని ఆనాటి నుంచి ఒక సంవత్సరం ఒక రోజు వరకు కొలువు నుంచి తొలగించడానికి వీల్లేదు" అని రాశాను. సరిగ్గా సరిపోయింది. ఎడమ, కుడి అంచులు రెండూ ముచ్చటగా కలిశాయి.

మా న్యూస్ ఎడిటర్ ప్రూఫు మీద ఆగి, "ఇది ఎవరు చెప్పారు?" అన్నాడు.

"కార్యదర్శి" అన్నాను.

"పర్వాలేదే. ఈ మొత్తంలో మనుషులు చేసే పని ఇదొక్కటే ఉంది" అని సంతకం పెట్టాడు.

పిల్లలూ, నేను చేసింది తప్పు. వాదించను. ఒక్కమాట మాత్రం అంటాను: మిగతా మూడున్నర పేజీలూ నిజమని మనకెవరు చెప్పారు? ఆ బాతును మొదట పుట్టించినవాడికి మూడు వందల ఏళ్లు వ్యవధి దొరికింది. నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు.

శుక్రవారం అనుబంధం వెలువడింది. తొమ్మిదింటికల్లా కార్యదర్శి గారి ఫోన్. తిట్లకు సిద్ధపడి ఎత్తాను.

"ఏవండీ, ఆ సేవకుడి సంప్రదాయం ఎక్కడ పట్టారండీ?"

"అది... పాత కాగితాల్లో..."

"నేను మీకు చెప్పడం మర్చిపోయాను చూశారా! మా రోజుల్లో కూడా చేసేవారండీ. నాకు బాగా గుర్తు. ఒక పొడుగాటి ముసలాయన, తెల్ల మీసాలు, కుర్చీలో కూర్చుని ఏడ్చేశాడు పాపం."

నేను పుట్టించినదానికి తెల్ల మీసాలు ఆయన పెట్టారు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఒక పెద్దమనిషి జ్ఞాపకాన్ని అబద్ధం అనడం బాగుండదనిపించింది. అంతకంటే ముఖ్యం, నా పదవీ విరమణ నాలుగు నెలల్లో ఉంది.

బుధవారం, మా ప్రెస్సులో అచ్చవుతున్న విందు మెనూకార్డుల ప్రూఫు చూపించడానికి క్లబ్‌కు వెళ్లాను. కార్యదర్శి గారు ఉత్సాహంతో ఊగిపోతున్నారు. మాస్టర్ ఆ ఉదయమే దిగాడు. విమానాశ్రయం నుంచి కారులో వస్తూ ఆయనకు అనుబంధం చూపించారట. మాస్టర్ ఆ పదవిలోకి వచ్చి ఏడాదిన్నర. కొత్తగా వచ్చిన అధికారులంతా చేసే పనే చేశాడు: తల ఊపాడు. "అవునవును, నా ముందటివారి కాలంలో ఎందుకో ఆగిపోయింది. బహ్రెయిన్‌లో పునరుద్ధరిస్తే అంతకన్నా సంతోషం ఏముంది" అన్నాడట.

"రేపు చేసేస్తున్నామండీ. క్లబ్‌లో అందరికంటే పాత మనిషి ఎవరని మేనేజర్‌ని అడిగితే ఒకాయన్ని చెప్పాడు. అదిగో, మనకు టీ ఇచ్చేవాడు." ఆయన నాకు కాగితం ఒకటి అందించారు. నా పదకొండు లైన్లే, టైపు చేసి. "ఇదంతా చదివితే సూప్ చల్లారిపోతుంది. సగానికి కుదించి ఇవ్వండి, మీకు అలవాటేగా."

కాగితం జేబులో పెట్టుకుని బయటికి వస్తుంటే వంటింటి పక్క నడవలో ముసలాయన కనిపించాడు. గోడకు ఆనుకుని ఉన్నాడు. అతను పనివేళల్లో గోడకు ఆనుకోవడం నేను చూడలేదు.

"నిన్న మేనేజర్ పిలిచిండు సార్. నెలాఖరుకు ఖలాస్ అన్నడు. వయసైందంట."

"నువ్వేమన్నావు?"

"బాసన్లు తోమెతందుకు ఎంత వయసుండాల్నని అడిగిన. నవ్విండు."

"పోనీలే, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో. ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు" అన్నాను. ఇరవై ఆరేళ్లు మాటలు దిద్దే ఉద్యోగం చేసి, నోటికొచ్చిన మాట అది.

"ఇంటికాడ ఎవలున్నరు సార్? తాళం ఉంది." గోడ విడిచి నిటారుగా నిలబడ్డాడు. "ఆమెకు ఇంక రెండేండ్ల కాంట్రాక్టు ఉంది, మూడు నెలలే తక్కువ. నడుమల పోనియ్యరు. ఇన్నేండ్లు నేనీడ, ఆమె ఆడ. ఇగ నేనాడ, ఆమె ఈడ. గట్లనే రాసిపెట్టిండ్రేమో."

"మేనేజర్‌కి చెప్పలేదా, ఆమె సంగతి?"

"చెప్పిన. ఆమె ముచ్చటతోని క్లబ్బుకు సంబంధం లేదన్నడు. కఫీలు వాళ్లే గదా, వాళ్లిష్టం."

కఫీల్ అంటే వీసా ఇచ్చినవాడు. అతనికి క్లబ్బే కఫీల్. వీసా క్లబ్బుది, గది క్లబ్బుది, పళ్లేలు క్లబ్బువి. శుక్రవారం నాలుగు గంటల షికారు మాత్రం అతనిది. అదే పోతోంది.

సనాబిస్‌లో నా ఫ్లాటుకు వచ్చి, కాగితం బల్లమీద పరిచి, ఎర్ర పెన్ను తీశాను.

ఏ డెస్కులోనైనా చేరిన మొదటిరోజు నేర్పేది ఒకటే: వార్త పొడుగైతే కిందినుంచి కొట్టు. ముఖ్యమైనదంతా పైన ఉంటుంది, కింద ఉన్నది పోయినా నష్టం లేదు. నేను మంత్రుల మాటలు కిందినుంచి కొట్టాను, మృతుల పేర్లు కిందినుంచి కొట్టాను. చేతికి ఇక ఆలోచన అక్కర్లేదు. ఆ సాయంత్రం కూడా పెన్ను తనంతట తానే చివరి రెండు లైన్ల మీదికి వెళ్లి నిలబడింది.

పెన్ను ఎత్తి మొదటి లైను మీద పెట్టాను. ప్లేగు కొట్టేశాను. పారిపోయిన ఆచార్యుల్ని కొట్టేశాను. కాలేజీని కాపాడిన వంటవాడు కూడా, పాపం, పోయాడు. చివరి రెండు లైన్లు మాత్రం అక్షరం ముట్టుకోకుండా, కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు ఇబ్బంది లేకుండా, పెద్ద అక్షరాల్లో టైపు చేశాను. ఇరవై ఆరేళ్లలో నేను పైనుంచి కొట్టిన ఏకైక వార్త అది.

గురువారం విందులో ఏం జరిగిందో సగం చెప్పాను. ముసలాయన ఎత్తువీపు కుర్చీ అంచున, లేవడానికి వీలుగా కూర్చున్నాడు. మాస్టర్ గరిటె తీసుకుని సూప్ వడ్డించాడు. జీవితంలో గరిటె పట్టని మనిషని రెండు చుక్కలు బల్లగుడ్డ మీద పడగానే తెలిసింది. ముసలాయన అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి ఆ రెండు చుక్కలూ తుడిచేశాడు. హాలు చప్పట్లు కొట్టింది. అదీ సంప్రదాయంలో భాగమనుకున్నారు.

మాస్టర్ గోడపక్కన నిలబడ్డాడు. కార్యదర్శి గారు కళ్లజోడు సర్దుకుని నా కాగితం చదివారు. చివరి వాక్యం కోసం గొంతు కాస్త పెంచారు. ఒక సంవత్సరం ఒక రోజు వరకు కొలువు నుంచి తొలగించడానికి వీల్లేదు. మళ్లీ చప్పట్లు.

మేనేజరు మొహం చూశాను. కొన్ని క్షణాలు అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక వేదిక ఎక్కి, ఆ కుర్చీ పక్కనే కూర్చున్న క్లబ్ అధ్యక్షుడి చెవి దగ్గర వంగాడు. అధ్యక్షుడు బహ్రెయినీ పెద్దమనిషి, పాదాల దాకా ఉన్న తెల్లని థోబ్‌లో ఆ సాయంత్రమంతా ఒక్కమాటైనా మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ పద్నాలుగు మంది సభ్యుల్లో ఆయనా ఒకరు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, జగ్గుతో.

"సర్, ఇతని రద్దు కాగితం నిన్ననే మీ సంతకానికి పంపాను" అన్నాడు మేనేజరు.

"ఇతను మన దగ్గర ఎన్నాళ్లుగా ఉన్నాడు?"

"ఇరవై రెండేళ్లు సర్."

"అయితే ఇంకో ఏడాది."

"సర్, వయసు... మరి కాగితాలు..."

"ఇంకో ఏడాది. ఒక రోజు." ఆయన నిలబడి ఉన్న మాస్టర్ వైపు చెయ్యి చూపించాడు. "అతిథి ముందు ఆయన కాలేజీ సంప్రదాయాన్ని నువ్వు కాదంటావా? ఖలాస్."

మేనేజరు తల ఊపి వేదిక దిగాడు.

ముసలాయన వేదిక మీంచి నాకేసి వంగి మెల్లిగా, "సార్, ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"చెప్పమంటావా?"

"వొద్దు. వీళ్లకు గిట్లనే గావాల్నంట. పొద్దున నేను జూసిన, చెఫ్ రుచి జూసుకుంట ఉప్పు తగ్గించిండు." మళ్లీ అడిగాడు, "ఇగ లేవొచ్చా సార్? లోపల పళ్లేలు పేరుకపోతున్నయి."

అతను దిగి వంటింట్లోకి వెళ్లాడు. విందు ఇంకో గంట సాగింది. రెండు పిడుల వెండికప్పులో వైన్ ఒకరి నుంచి ఒకరికి తిరిగింది. మందు ముట్టని కార్యదర్శి గారి వంతు వచ్చినప్పుడు అందులో ద్రాక్షరసం పోశారు. బయటికి వెళ్లేముందు జగ్గు అప్పగించడానికి వంటింట్లోకి తొంగిచూశాను. ముసలాయన చేతులు మోచేతుల దాకా నురగలో ఉన్నాయి. మాస్టర్ వడ్డించిన పళ్లెం కూడా తనే కడుగుతున్నాడు. నేను పుట్టించిన సంప్రదాయంలో ఆ ఏర్పాటు మర్చిపోయాను.

"ఏడాదంట గద సార్?"

"ఏడాది, ఒక రోజు."

"ఆ ఒక్క రోజు ఎందుకు సార్?"

ఎందుకో నాకు తెలియదని చెప్పాను. "శుక్రారమైతే బాగుండు" అన్నాడు.

బయట కార్ల దగ్గర అధ్యక్షుడు తన డ్రైవరు కోసం ఆగి ఉన్నాడు. నన్ను చూసి తల ఆడించాడు.

"పత్రికలో రాసింది మీరేనా?"

"అవునండి."

"నేను ఆ కాలేజీలో మూడేళ్లు ఉన్నాను" అన్నాడు తీరిగ్గా. "సూప్ ఎప్పుడూ చల్లగానే ఉండేది. మా మెట్ల దగ్గర గదులు ఊడ్చే ఒక ముసలావిడ ఉండేది. ఒకరోజు రాలేదు. మర్నాడు ఇంకొకావిడ వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు." కారు వచ్చింది. "మీరు రాసిన సంప్రదాయం బాగుంది. నేను ఉన్నప్పుడు మాత్రం చూసిన గుర్తు లేదు."

తలుపు వేసుకుని వెళ్లిపోయాడు. మూడేళ్లు చదివినాయనకు గుర్తు లేదు. తొమ్మిది నెలలు చదివినాయనకు తెల్ల మీసాలతో సహా గుర్తుంది.

శనివారం మా పత్రికలో ఫొటో వేశాం: కుర్చీలో ముసలాయన, వెనక గోడకు మాస్టర్. ఆ మధ్యాహ్నం కార్యదర్శి గారి నుంచి ఫోన్.

"ఏవండీ, మా పనావిడ పేపర్ చూసి, ఆయన తన భర్త అంటోందండీ! మీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు కాలేజీ గురించి చెబుతున్నారు కదండీ. మధ్యలో అడ్డు రావడం ఎందుకని."

ఆయన బాగా నవ్వారు, నేను హాస్యమాడాననుకుని. ఇప్పుడు వాళ్లింటికి అతిథులొస్తే ఆమెను పిలిచి పరిచయం చేస్తున్నారట: మా కాలేజీ మాస్టర్ కుర్చీలో కూర్చున్నాయన భార్య అని. పరిచయం అయ్యాక టీ ఆమే తెస్తుంది.

నేను జూన్‌లో ఉద్యోగం దిగి ఒంగోలు వచ్చేశాను. ముసలాయన శుక్రవారాలు ఫోన్లో గొంతు సందేశాలు పంపుతుంటాడు. వెనక జిదాఫ్స్ బజారు గోల వినిపిస్తుంది. ఒక్కోసారి ఆమె మధ్యలో దూరుతుంది: "సార్, ఈయనకు జర చెప్పుండ్రి, ఆ కుర్చీల కూసున్న కాన్నుంచి నాకు పనులు జెప్తుండు." అతను, "దొరలు గట్లనే జెప్తరు" అంటాడు. ఏం కొనడంలేదట ఇప్పటికీ. ఉత్తగనే తిరుగుతున్నారు.

కథ ఇక్కడితో ఆగితే నాకు హాయిగా ఉండేది. పోయిన నెలలో ఇంగ్లండు నుంచి ఒక ఉత్తరం వచ్చింది, కార్యదర్శి గారి ద్వారా, నా ఈమెయిల్‌కి. మాస్టర్ తన వార్షిక లేఖలో బహ్రెయిన్ పునరుద్ధరణ గురించి గొప్పగా రాశాడట. అది చదివి ఇద్దరు పాత విద్యార్థులు తమ కాలంలోనూ ఆ సంప్రదాయం ఉండేదని, తాము కళ్లారా చూశామని జవాబులు పంపారట. ఇప్పుడు కాలేజీ కొత్త చరిత్ర గ్రంథం అచ్చుకు సిద్ధమవుతోంది. పాత పత్రాలు చూసే ఆవిడ చాలా మర్యాదగా రాశారు: రెండు వారాలు నేలమాళిగలో వెతికాను, బాతు రసీదులు అన్నీ దొరికాయి, సేవకుడి కుర్చీ గురించి ఎక్కడా ఒక్క మాట లేదు, మీ ఆధారం ఏమిటో దయచేసి తెలియజేస్తే ఆ అధ్యాయం ముగిస్తాం.

అదే వారంలో క్లబ్ మేనేజరు ముసలాయనతో అన్నాడట, "ఈసారీ విందు ఉంది. కాలేజీవాళ్లు ఆ పుస్తకంలో ఏం రాస్తారో చూసి నీ సంగతి చూద్దాం" అని. అతను ఆ మాట నాకు యథాతథంగా పంపి, చివర, "మీరు రాసిండ్రు గద సార్, మీకు ఎర్కుంటది" అని చేర్చాడు.

విందు ఫిబ్రవరి మొదటి గురువారం. అతని ఏడాదీ, ఆ ఒక్క రోజూ కూడా ఆ వారంలోనే అయిపోతాయి. ఆమె కాంట్రాక్టు నవంబరు దాకా ఉంది. పాత పత్రాల ఆవిడకు నేనింకా జవాబు రాయలేదు. ఒకసారి కుర్చీలో కూర్చున్న సేవకుడు మరుసటి ఏడు మళ్లీ కూర్చోవచ్చా లేదా అన్నది ఆ పదకొండు లైన్లలో లేదు.